సుంకమ్మ చూసిందా

అనగా అనగా, కుందేరనే ఏటికి ఇంకా ఎవరూ పేరు పెట్టని కాలంలో, దాని ఒడ్డున నల్లరేగడి నేలలో ఒక ఊరుండేది. ఆ ఊళ్లో తిండంటే జొన్నలే. పొద్దున జొన్నరొట్టె, మధ్యాహ్నం జొన్నసంకటి, రాత్రికి పొద్దున మిగిలిన రొట్టె. పండిన జొన్నల్ని నిలవ చేయడానికి నేలలో లోతుగా గుంత తవ్వి, లోపల గడ్డి పరిచి, గింజలు పోసి, పైన మన్ను కప్పేవాళ్లు. దాన్ని పాతర అంటారు. కొన్ని నెలలయ్యాక తీస్తే నడుమ గింజలు తెల్లగా ఉండేవి. అంచుల్లోవి, అడుగువి మాత్రం చెమ్మ తగిలి ముక్కిపోయి, నల్లగా పచ్చగా బూజు పట్టి ఉండేవి.

వాటిని ఏరడానికి మనుషులు కావాలి కదా. అలాంటివాళ్లలో సుంకమ్మ ఒకతె.

సుంకమ్మకు పొలం లేదు, పాతర లేదు. ఒక చేట ఉంది. ఎవరింట్లో పాతర తీసినా ముందు ఆమెకే కబురొచ్చేది. వెళ్లేది, కూర్చునేది. చెరిగేది, ఏరేది, పక్కన పెట్టేది. ఆమె ఏరిన జొన్నల్లో చెడ్డ గింజ కోసం వెతికితే వెతికినవాళ్లకు కళ్లు నొప్పి పుట్టేవి గానీ గింజ దొరికేది కాదు.

ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉండేది. ఏరిన చెడ్డ గింజలు ఏరినవాళ్లవి. అదే వాళ్ల కూలి. ఈ పద్ధతి ఎవరు పెట్టారో నాకు తెలియదు గానీ, పెట్టినవాడు ఒక్కనాడూ ఆ రొట్టె తిని ఉండడు. సుంకమ్మ ఆ గింజల్ని కొంగులో మూటగట్టుకొచ్చి, మూడుసార్లు కడిగి, ఎండబెట్టి, విసిరి రొట్టెలు చేసేది. ముక్కిన వాసన తెలియకుండా పక్కన ఎండుమిరపకాయల కారం పెట్టేది.

ఆమె మొగుడు ఈరన్న లొట్టలేసుకుంటూ తినేవాడు. "నీ రొట్టె తిన్నంక రెడ్డోళ్ల రొట్టె రుచించదే" అనేవాడు.

"రెడ్డోళ్ల రొట్టె నువ్వెప్పుడు తింటివి?" అనేది సుంకమ్మ.

వాళ్లిద్దరూ నవ్వుకునేవాళ్లు. వాళ్ల కూతురు లింగికి ఏమీ అర్థం కాకపోయినా అదీ నవ్వేది.

ఒక ఏడు ఈరన్న ఒళ్లు తగ్గడం మొదలైంది. కుడి డొక్కలో నొప్పి అన్నాడు. కళ్లు పచ్చబడ్డాయి. సుంకమ్మ కొండకింద ఉండే మద్దిలేటి తాత దగ్గరికి పరుగెత్తింది. ఆయన ఆకులూ వేళ్లూ తెలిసినవాడు. అంతకుముందు లింగికి కామెర్లొస్తే నేల ఉసిరి నూరి మజ్జిగలో ఇచ్చాడు, పిల్ల లేచి ఆడుకుంది. అందుకే సుంకమ్మకు ధైర్యం.

మొదటిసారి వెళ్లింది, ఆకు తెచ్చింది, తాగించింది. నొప్పి తగ్గలేదు. రెండోసారి వెళ్లింది, తెచ్చింది, తాగించింది. పొట్ట ఉబ్బింది. మూడోసారి వెళ్తే తాతే లేచి ఆమె వెంట వచ్చాడు. ఈరన్న పొట్ట మీద చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు. తర్వాత సుంకమ్మను వాకిట్లోకి పిలిచాడు.

"అమ్మీ, కార్జంలో గడ్డ ఉంది. రాయి మాదిరి తగుల్తాంది. నా ఆకు దీన్ని కరిగించదు. కరిగిస్తాదని చెప్పి నీకు ఆశ పెట్టలేను."

"మరి ఆకు ఎందుకు నూరుతాండావు తాతా?"

"కడుపులో కొంచెం చల్లగా ఉంటాదని."

వైద్యుల్లో ఇలాంటి మాట చెప్పగలిగినవాళ్లు ఎప్పుడూ తక్కువే. ఈరన్న ఆషాఢంలో పోయాడు.

దినాలయ్యాక తాత మళ్లీ వచ్చాడు. "ఈ రాయిని నేను మూడిండ్లలో చూస్తి. గంగులమ్మ ఇంట్లో, నాగక్క ఇంట్లో, నీ ఇంట్లో. మూడిండ్లకూ ఒకటే ఏముందో నాకు తెలీదు. నేను కొండకాడ ఉండేవాణ్ని. ఊరి సంగతి నీకే తెలుసు, ఆలోచించు" అన్నాడు.

సుంకమ్మ మూడు రోజులు ఆలోచించింది. ఒకే బావి నీళ్లా? కాదు. కల్లా? గంగులమ్మ మొగుడు చుక్క ముట్టేవాడు కాదు. మూడో రోజు లింగి రొట్టె ముక్క తుంచి నోట్లో పెట్టుకోబోతుంటే, సుంకమ్మ చూపు మూలనున్న చేట మీద పడింది. గంగులమ్మ చేట పడుతుంది. నాగక్క చేట పడుతుంది. తనూ చేట పడుతుంది.

పిల్ల చేతిలో రొట్టె లాగేసుకుంది.

"అమ్మా, ఆకలి" అంది లింగి.

సుంకమ్మ పిల్లను పట్టుకుని ఏడ్చింది. మొగుడు పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. మొగుడికి తానే, తన చేత్తోనే, ప్రేమగా, మూడుసార్లు కడిగి మరీ పెట్టింది. అది ఎవరికి చెప్పుకుంటుంది?

ఇంట్లో ఉన్న కూలి గింజలన్నీ వాకిట్లో పోసి నిప్పు పెట్టింది. ఊరు నోరెళ్లబెట్టింది. పెద్ద పాతర ఉన్న కొండమ్మ అయితే మండిపడింది. "తినే గింజను కాలుస్తివా? ఇంక నా గడప తొక్కొద్దు" అంది. ఒక గడప మూసుకుంటే అన్ని గడపలూ మూసుకున్నాయి. తల్లీకూతుళ్లు చేలగట్ల మీద ఆకుకూర గిల్లుకుని బతికారు.

పోనీలే అని ఊరుకుని ఉంటే ఈ కథే లేదు. ఆమె ఇంట్లో ఒక కోడి ఉండేది. అది పిల్లల్ని పొదగగానే సుంకమ్మ ఆరు పిల్లల్ని బుట్టలో పెట్టుకుని కొండమ్మ గడప బయట నిలబడింది.

"అమ్మా, లోపలికి రాను. ఈ మూడింటికి నువ్వు తినే గింజల నూక వెయ్యి. ఈ మూడింటికి నాకిచ్చే గింజల నూక వెయ్యి. నీ వాకిట్లోనే, నీ చేత్తోనే. పున్నమి నుంచి పున్నమి దాకా చూడు. ఆ గింజలే నా మొగుణ్ని తీసుకుపోయినాయి. అది తప్పయితే ఊరు విడిచిపోతా."

కొండమ్మకు కోపమున్నా, ఏమవుతుందో చూద్దామన్న కుతూహలం అంతకంటే ఎక్కువ. వేసింది. మంచి నూక తిన్న మూడూ ఇల్లంతా తిరిగాయి. ముక్కిన నూక తిన్నవాటికి రెక్కలు వాలిపోయాయి. ఒకటి పోయింది. రెండోది పోయింది. మూడోదాన్ని కొండమ్మ ఒళ్లో పెట్టుకుని, ముక్కును నీళ్లతో తడుపుతూ పొద్దంతా కూర్చుంది. అదీ పోయింది.

సాయంత్రం ఆమే సుంకమ్మ గుడిసెకు వచ్చింది. "మా అత్త కాలం నుంచి మీకు అవే ఇస్తిమి" అంది. చేట నిండా నడుమ గింజలు పోసి లింగి ముందు పెట్టి వెళ్లింది.

ఆ రోజుతో పద్ధతి మారింది. ఏరినవాళ్లకు మంచి గింజే కూలి. చెడ్డ గింజ నిప్పుకు. సుంకమ్మ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది: "మూడెండలు ఎండాల. పంటి కింద టక్కున పగలాల. పాతరలో చెమ్మ ఉండకూడదు. అప్పుడే పోయండి." ఆమె చెరిగింది, ఏరింది, పక్కన పెట్టింది. లింగి పెద్దదై, పెళ్లై, తల్లైంది.

ఈరన్న తిన్న రొట్టె సుంకమ్మ కూడా తిన్నదే కదా. ఒకనాడు ఆమె కుడి డొక్కలో రాయి తగిలింది. మద్దిలేటి తాత పండు ముసలివాడై, కర్ర పట్టుకుని, ఆకు నూరుకుని వచ్చాడు.

"కరగదని నీకు తెలుసు గదా తాతా."

"తెలుసు. చేతులు ఊరకుండలేదమ్మీ."

సుంకమ్మ తాగింది. "చల్లగా ఉంది" అంది. తాత ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

చివరి రోజున లింగి చేటలో జొన్నలు తెచ్చి, తల్లి మంచం మీద కూర్చుని ఏరుతోంది. ఏరడం అయిందని లేవబోతే సుంకమ్మ ఆగమంది. వేలు చేటలో పెట్టి ఒక్క గింజ తీసింది. నల్లది. దాన్ని కూతురి అరచేతిలో పెట్టింది.

"ఇది నాది. నిప్పులో వెయ్యి. నా మనవరాలికి తక్కినవి."

లింగి పొయ్యిలో వేసి తిరిగి వచ్చేసరికి సుంకమ్మ కళ్లు మూసి ఉన్నాయి. చెయ్యి చేటలోనే ఉంది.

ఇప్పటికీ ఆ వైపు ఏరిన చెడ్డ గింజను సుంకమ్మ గింజ అంటారు. మనిషికి పెట్టరు, కోడికి వేయరు, నిప్పులోనే వేస్తారు. సంకటికి ఎసరు పెట్టేముందు ఇంట్లో అందరికంటే చిన్నది వచ్చి అడగాలి: "సుంకమ్మ చూసిందా?"

వండేవాళ్లు చేట మరొక్కసారి చూసుకుని, అప్పుడు జవాబివ్వాలి: "చూసిందమ్మా. ఇంక తిను."