విప్పరాని జిగురు

అనగనగా అంటే మరీ అంత అనగనగా కాదు బంగారం, నేను నీ అంత ఉన్నప్పుడు, భీమిలిలో మా నాన్న జకరయ్య పియానోలు బాగుచేసేవాడు. పియానో పైకి పెద్ద బల్లలా ఉంటుంది. లోపల చిన్న చిన్న చెక్క సుత్తులుంటాయి. మీట నొక్కితే సుత్తి వెళ్ళి తీగని కొడుతుంది, అప్పుడు పాట పలుకుతుంది.

ఆ సుత్తుల్ని వాటి కాడల్లాంటి సన్నని పుల్లలకి అతికించడానికి నాన్న పశువుల తోలు ఉడికించి తీసిన జిగురు వాడేవాడు. ఎండిన జిగురు పలుకుల్ని ముందురోజే నీళ్ళలో నానేసేవాడు. ఆ తర్వాత వేణ్ణీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి, మరగనివ్వకుండా కరిగించేవాడు. కంపంటే అంతా ఇంతా కంపు కాదు.

ఊళ్ళో సలోమి టీచరుగారని ఒకావిడ ఉండేది. నా అన్నవాళ్ళు లేరు. ఆదివారం పూట పిల్లల్ని పోగేసి, పియానో వాయిస్తూ పాటలు పాడించడమే ఆవిడకి ప్రాణం. మూడు వానాకాలాల్లో మూడుసార్లు చెమ్మకి ఆ పియానో సుత్తులు ఊడాయి. మూడుసార్లూ నాన్న ఆ జిగురే కాచాడు.

నాకేమో బళ్ళో పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు, నా గౌనుకీ అదే వాసన. బజార్లో సీసా జిగురు ఉందిగా, అదెందుకు తేవని నాన్నని నిలదీశాను.

“ఇది ఊడుతుందనే వాడతాను తల్లీ. రేపు బాగుచేసేవాడికి విప్పుకోడానికి వీలుండాలి,” అన్నాడు.

నేను వింటేనా. మూడు పూటలు అన్నం మానేశాను. నా కంట నీళ్ళు చూస్తే నాన్న మెత్తబడిపోయేవాడు. సీసా తెచ్చి టీచరుగారి పియానో సుత్తులన్నీ దాంతోనే అతికించాడు. ఆ తర్వాత ఎంత వాన పడ్డా ఒక్కటీ ఊడలేదు. నేను మురిసిపోయాను.

కొన్నాళ్ళకేమో సుత్తులకి మెత్తగా తొడిగిన ఉన్నిని పురుగు కొట్టేసింది, తీగలు గరగరమన్నాయి. కొత్త సుత్తులు వేయాలంటే పాతవి విప్పాలి. నాన్న వేడి గుడ్డ చుట్టాడు, రాలేదు. ఆవిరి పట్టాడు, రాలేదు. సన్నని కత్తి దూర్చాడు, పుల్ల పుటుక్కున విరిగింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. అలాంటి పుల్లలు ఎక్కడ వెతికినా దొరకలేదు.

“నువ్వు అతికించింది నువ్వే విప్పలేవా జకరయ్యా?” అని టీచరుగారు మెల్లిగా అడిగింది. నాన్న తల దించుకున్నాడు. నా పేరు మాత్రం ఎత్తలేదు.

ఆ తర్వాత పియానో మూసేశారు. ఆదివారాలు పిల్లలు రావడం మానేశారు. అప్పుడు నేనే వెళ్ళి, తప్పు నాదేనని చెప్పాను. ఆవిడ నా జడ సవరించి, చేతిలో బిస్కెట్టు పెట్టి పంపింది. నాలుగు తిట్టి ఉంటే నాకింత బాధ ఉండేది కాదు బంగారం.

కథేమో కంచి దారి పట్టె,
మనకేమో ఇంట్లో కునుకు పట్టె.