ప్రశ్నకు తోక ఉంటుంది

అనగనగా ఒక ఇప్పచెట్ల అడవి. లెక్కలొచ్చినవాళ్ళకే నీళ్ళమీద పెత్తనం ఇచ్చే రోజుల మాట ఇది. ఆ అడవిలో మొగిలి అనే దుప్పి ఉండేది.

ఆ అడవి మొత్తానికి ఒకటే మడుగు. ఎండాకాలం వస్తే ఎవరు ఏ పూట తాగాలో చెప్పడానికి ఒక నీటిపెద్ద ఉండాలి. ఆ కొలువు ఊరికే ఇచ్చేవారు కాదు. ఏడాదికోసారి ఏనుగులు పరీక్ష పెట్టేవి. లెక్కలూ, తర్కమూ, చిక్కుముళ్ళూ, అన్నీ అందులోనే. ఎవరైనా రాయవచ్చు. కానీ ఒక్కొక్కరికి మూడుసార్లే అవకాశం. మూడోసారి కూడా పోతే ఇక గడ్డి మేసుకుంటూ కూర్చోవడమే.

మొగిలి వాళ్ళది దిగువ గుట్ట. మడుగు దగ్గర వాళ్ళ వంతు అందరికన్నా చివర. వంతు వచ్చేసరికి బురద మిగిలేది. ఒక ఎండాకాలం వాళ్ళమ్మ ఆ బురదనీళ్ళే తాగి జబ్బుపడింది. వానలు పడేదాకా లేవలేదు. తల్లి పొడి నాలుక చూసి మొగిలి ఏడ్చింది. "అమ్మా, నేను నీటిపెద్దనవుతాను. మన గుట్టకు మంచినీళ్ళు తెస్తాను" అంది.

"ముందు లెక్కలు నేర్చుకో తల్లీ" అంది అమ్మ.

అప్పుడు మొగిలి కొమ్మయ్య మాస్టారి దగ్గర చేరింది. కొమ్మయ్య మాస్టారు ముసలి అడవిదున్న. ఒక కొమ్ము సగం విరిగింది. ఆ విరిగిన కొమ్ముతోనే ఇసుకలో లెక్కలు గీసేవారు.

ఆ బడి ఎంత బాగుండేదో! తెల్లవారుజామున ఇప్పపూలు టపటపా రాలుతుంటే పాఠం మొదలయ్యేది. ఇసుకే పలక, పూలే పలహారం. లెక్క చేసినవాళ్ళకు పువ్వు. తప్పినవాళ్ళకు లేదు. అందరూ తప్పితే పూలన్నీ మాస్టారే తినేసేవారు. అందుకే ఆయన కష్టమైన లెక్కలు ఇస్తారని పిల్లలు చెవులు కొరుక్కునేవాళ్ళు.

గుండ్రంగా కూర్చున్నవాళ్ళ లెక్క వస్తే మాస్టారు నిజంగానే అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టేవారు. మొగిలికి కుడిపక్క ఎప్పుడూ దూదమ్మే. దూదమ్మ అంటే చెవులపిల్లి, మొగిలికి ప్రాణస్నేహితురాలు. నోరు ముందు, బుద్ధి తరువాత.

"దూదమ్మకు కుడిపక్క అడవికోడి. మరి అడవికోడికి ఎడమపక్క ఎవరే దూదమ్మా?" అని మాస్టారు అడిగారు ఒకరోజు.

దూదమ్మ చుట్టూ చూసింది. చెట్లమీద కూడా చూసింది. "ఎవరూ కనపడటం లేదు మాస్టారూ" అంది.

"నిన్ను నువ్వు లెక్కపెట్టుకోవే పిచ్చితల్లీ!" అన్నారు మాస్టారు. ఆ రోజు అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. అందరికన్నా ఎక్కువగా దూదమ్మే నవ్వింది.

ఇంకోరోజు సాయంత్రం పాఠం మధ్యలో రెల్లుగడ్డి కదిలింది. గడ్డిపైన రెండు కొమ్ములు కనిపించాయి.

"అదేమిటో చెప్పండి" అన్నారు మాస్టారు.

"దున్న!" అని అరిచింది దూదమ్మ.

"దున్నే మాస్టారూ" అంది మొగిలి.

గడ్డిలోంచి ఒక ఎలుగుబంటి బయటికి వచ్చింది. నెత్తిన పంగల ఎండుకొమ్మ పెట్టుకుంది. ఈ ఆటకోసం మాస్టారు ముందే ఇచ్చిన తేనెపట్టు మూతికి ఇంకా అంటుకునే ఉంది. పిల్లలు నోళ్ళు తెరిచారు.

"తోక చూశారా?" అని అడిగారు మాస్టారు.

"తోక కనపడలేదు మాస్టారూ" అంది మొగిలి.

"కనపడకపోతే ఆగాలి. ప్రశ్నకూ తోక ఉంటుందమ్మా. తల చూసి పేరు పెట్టకూడదు. తోక చూడాలి. మనకు దేవుడు నెమరు ఇచ్చాడు కదా? గడ్డినొక్కదాన్నే నెమరేస్తే ఏం లాభం! ప్రశ్నను కూడా నెమరెయ్యి. ప్రశ్నలో ఏం ఇచ్చారు, ఏం అడిగారు, చివర్లో ఏం కలిపారు. అప్పుడే జవాబు" అన్నారు ఆయన.

ఒక్కోసారి పాఠం అయ్యాక మాస్టారు మడుగువైపు చూసి, "మా తాతల కాలంలో ఈ మడుగు అసలు ఎండేదే కాదట" అనేవారు. పెద్దవాళ్ళు అలాగే అంటారులే అని పిల్లలు ఊరుకునేవారు. ఎందుకు ఎండేది కాదో ఎవరూ అడగలేదు.

మొదటి పరీక్ష వచ్చింది.

పరీక్ష బండలమీద జరిగేది. ఒక్కో ప్రశ్న కింద నాలుగు గుంటలు. సరైన జవాబున్న గుంటలో గులకరాయి వెయ్యాలి. తప్పు గుంటలో వేస్తే ఒప్పుల్లోంచి కోత పడుతుంది. చెట్టు నీడ గీత దాటేలోపు లేవాలి. మొగిలి ప్రతి ప్రశ్ననూ నెమరేసింది. మళ్ళీ నెమరేసింది. వేసినవన్నీ ఒప్పులే. కానీ సగం బండలు చూసేసరికి నీడ గీత దాటిపోయింది.

మొగిలి మాస్టారి దగ్గరికి వెళ్ళి తల వంచుకుని నిలబడింది. "మాస్టారూ, సమయం చాలలేదు" అంది.

మాస్టారు ఆమె నుదురు నాకారు. "నేను దున్నను తల్లీ. నా దగ్గర వేగం లేదు. లేనిది నేనెక్కడి నుంచి ఇవ్వను? ఎండిన వాగు అవతల జంబయ్య ఉన్నాడు. నక్కే అయినా చురుకైనవాడు. వెళ్ళు, వేగం నేర్చుకో. నెమరు మాత్రం మానకు" అన్నారు.

తన శిష్యురాలిని తనే ఇంకొకరి దగ్గరికి పంపే గురువులు ఎంతమంది ఉంటారు చెప్పండి!

జంబయ్య బడిలో కాలు పెట్టే చోటుండేది కాదు. జంబయ్య బండమీద అటూ ఇటూ తిరుగుతూ పాఠం చెప్పేవాడు.

"ఇద్దరు కలిసి పనిచేస్తే ఏం చెయ్యాలి?"

"గుణించు, కూడు, భాగించు!" అని పిల్లలందరూ ఒక్క గొంతుతో అరిచేవారు.

"ఎందుకు?"

"ఎందుకని అడక్కు!"

"శభాష్!" అనేవాడు జంబయ్య.

మొగిలికి మొదట్లో నవ్వొచ్చింది. తరువాత అలవాటైంది. నిజం చెప్పాలంటే నచ్చింది కూడా. ప్రశ్న వినీ వినకముందే జవాబు మూతికొసన ఉండేది. నెమరు సంగతి మెల్లగా మర్చిపోయింది.

రెండో పరీక్షలో అందరికన్నా ముందు లేచింది మొగిలే. బండలన్నిటిమీదా గులకరాళ్ళు వేసేసింది. తోక ఎగరేసుకుంటూ ఇంటికొచ్చింది. ఫలితం చూస్తే ఒప్పులన్నిటినీ తప్పులు తినేశాయి.

"ఇంకా వేగం పెంచాలి" అన్నాడు జంబయ్య.

మొగిలి అక్కడ ఆగలేదు. పరుగెత్తుకుంటూ వాగు దాటింది. ఇప్పచెట్ల కిందికి వచ్చింది. "మాస్టారూ!" అని పిలిచింది. "మాస్టారూ!" అని మళ్ళీ పిలిచింది. ఎవరూ పలకలేదు.

ఆ ఎండాకాలం మడుగు పూర్తిగా ఎండిపోయింది. దున్నల మంద నీళ్ళు వెతుక్కుంటూ కొండ దాటి వెళ్ళిపోయింది. ముసలి మాస్టారు కూడా వాళ్ళ వెంట కుంటుకుంటూ వెళ్ళారని అడవికోడి చెప్పింది. ఇసుకలో ఆయన గీసిన గీతలు గాలికి చెరిగిపోయి ఉన్నాయి. రాలిన పూలు ఏరుకునేవాళ్ళు లేక వాడిపోయి ఉన్నాయి. మొగిలి ఆ ఇసుకలోనే పడుకుని ఏడ్చింది. బడి ఉన్న రోజుల్లో రోజూ ఉంటుందనే అనుకుంది పాపం. అందరం అలాగే అనుకుంటాం.

ఏడుపయ్యాక లేచింది. కాలి గిట్టతో ఇసుకలో ఒక లెక్క గీసింది. ఒంటరిగా నెమరేసింది. ఆ తరువాతే జంబయ్య చెప్పిన వేగం వాడింది. అలా ఏడాదంతా చేసింది. అప్పుడప్పుడూ దూదమ్మ వచ్చి, "ఏమే మొగిలీ, నీతో నువ్వే మాట్లాడుకుంటున్నావా?" అని ఆటపట్టించేది.

"మాస్టారితో మాట్లాడుతున్నానే" అనేది మొగిలి.

మూడో పరీక్ష వచ్చింది. మొగిలికి ఇదే ఆఖరు. వాళ్ళమ్మ దిగువ గుట్ట నుంచి దారి పొడుగునా వెంట వచ్చి, చెట్టు పక్కన నిలబడింది.

ఈసారి మొగిలి ఎదురైన ప్రశ్ననల్లా తొందరపడకుండా, ఆలస్యం చెయ్యకుండా చేసుకుంటూ పోయింది. ఆఖరి బండ దగ్గరికి వచ్చేసరికి నీడ గీతకు దగ్గరపడింది. ఆ ఒక్క ప్రశ్నను మాత్రం పరీక్ష పెట్టే పెద్దేనుగమ్మే అందరికీ కలిపి గట్టిగా చదివింది.

"నిండు మడుగు ఉంది. ఏనుగుల మంద ఒక్కటే తాగితే ఆరు రోజుల్లో ఖాళీ అవుతుంది. దున్నల మంద ఒక్కటే తాగితే మూడు రోజుల్లో ఖాళీ అవుతుంది. ఇప్పుడు రెండు మందలూ కలిసి తాగుతున్నాయి..."

అంతే! చుట్టూ టక్, టక్, టక్. అందరి గులకరాళ్ళూ మొదటి గుంటలో పడ్డాయి. గుణించు, కూడు, భాగించు. రెండు రోజులు. కుడిపక్క బండ దగ్గర దూదమ్మ రాయి కూడా పడింది. మొగిలి నోట్లో రాయి కూడా మొదటి గుంటమీదికి వంగింది.

అప్పుడు ఎక్కడి నుంచో ఇప్పపూల వాసన వచ్చింది. "తోక చూశావామ్మా?" అన్నట్టు అనిపించింది.

మొగిలి ఆగింది. నీడ మాత్రం ఆగడం లేదు.  అయినా మొగిలి చెవులు నిక్కించి చివరిదాకా విన్నది.

"...అదే సమయంలో మడుగులో ఒక ఊట కూడా పుట్టింది. ఆ ఊట ఖాళీ మడుగును రెండు రోజుల్లో నింపగలదు. మడుగు ఎన్నాళ్ళకు ఎండుతుంది?" అని ముగించింది పెద్దేనుగమ్మ.

గుంటల మీద జవాబులు ఇవి: రెండు రోజులు, మూడు రోజులు, తొమ్మిది రోజులు, ఇవేవీ కావు.

మొగిలి రాయిని నాలుగో గుంటలో వేసింది. నీడ గీత దాటింది.

"ఒసేయ్, కొంప ముంచుకున్నావే!" అని గుసగుసలాడింది దూదమ్మ.

అందరి గుంటలూ చూశాక పెద్దేనుగమ్మ మొగిలిని ముందుకు పిలిచింది. "అమ్మాయీ, నువ్వొక్కదానివే ఇలా వేశావు. ఎందుకు?" అంది.

మొగిలి ఆరు గులకరాళ్ళు వరుసగా పెట్టింది. "ఇదే నిండు మడుగమ్మా. రోజుకు ఏనుగులు ఒక రాయి తాగుతాయి. దున్నలు రెండు రాళ్ళు తాగుతాయి. మొత్తం మూడు పోతాయి" అని మూడు రాళ్ళు పక్కకు నెట్టింది. "ఊట రెండు రోజుల్లో ఆరు నింపుతుంది. అంటే రోజుకు మూడు" అని ఆ మూడు రాళ్ళనూ వెనక్కి నెట్టింది. "తాగినంతా తిరిగి వస్తోంది. ఈ మడుగు ఎన్నటికీ ఎండదు."

పెద్దేనుగమ్మ ఆ రాళ్ళను తొండంతో తనూ ఒకసారి నెట్టి చూసింది. "మరి మన మడుగు ఎందుకు ఎండిందే తల్లీ?" అని అడిగింది.

అది పరీక్షలో లేని ప్రశ్న. మొగిలి దాన్ని కూడా నెమరేసింది. మాస్టారి మాట గుర్తొచ్చింది. తాతల కాలంలో మడుగు ఎండేది కాదట. అంటే తాగినంతా తిరిగి వచ్చేదన్నమాట.

"మన మడుగుకు ఊట ఎక్కడుందమ్మా?" అని అడిగింది మొగిలి.

ఏనుగులు మడుగువైపు తిరిగి చూశాయి. ఇన్నాళ్ళూ నీటిపెద్దలందరూ ఉన్న నీళ్ళను పంచడమే చూశారు. నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయో ఎవరూ చూడలేదు.

అందరికన్నా ఎక్కువ ఒప్పులు వచ్చిన మొగిలి నీటిపెద్ద అయింది. మొదటిరోజే అందరినీ మడుగు గట్టుకు పిలిచింది. ఎలుగుబంటి గోళ్ళతో తవ్వింది. ఏనుగులు తొండాలతో బురద ఎత్తిపోశాయి. జంబయ్య కూడా పిల్లలందరితో వచ్చి గబగబా ఆకులు లాగేశాడు. అక్కడ మాత్రం అతని వేగం అందరికీ పనికొచ్చింది. గట్టు పక్కనున్న ఒక రాతి మొదట్లో ఏళ్ళ తరబడి పేరుకున్న ఆకుల కింద ఊట దొరికింది. ముందు బురదగా, తరువాత తేటగా నీళ్ళు పైకి పొంగాయి.

ఆ ఎండాకాలం దిగువ గుట్టవాళ్ళు ఆఖరి వంతులోనే వచ్చారు. అయినా మోకాలిలోతు నీళ్ళున్నాయి. మొగిలి వాళ్ళమ్మ కడుపునిండా తాగి, తడి మూతితో కూతురి మొహం నాకింది.

ఏళ్ళు గడిచాయి. మొగిలి ఇప్పచెట్ల కింద మళ్ళీ బడి పెట్టింది. దూదమ్మ మనవలు కూడా అక్కడే చదువుకున్నారు. వాళ్ళూ నోరు ముందు, బుద్ధి తరువాతే. పిల్లలు గుండ్రంగా కూర్చుంటే మొగిలి ఒక చోటు ఖాళీగా వదిలేది. ఎందుకని ఎవరైనా అడిగితే, "అది మా మాస్టారిది" అనేది.

ఒక వైశాఖమాసం పొద్దున్న కొండమీద దుమ్ము లేచింది. దున్నల మంద దిగివస్తోంది. ఈ మడుగు ఎండడం లేదని కొండ అవతలిదాకా కబురు పాకిందట. అందరి వెనకా ఒక పండు ముసలి దున్న మెల్లగా నడుస్తోంది. కళ్ళు సరిగా కనపడటం లేదు. ఒక కొమ్ము సగం విరిగి ఉంది.

మొగిలి పాఠం మధ్యలోనే లేచింది. దగ్గరికి వెళ్ళి, ఆయనకు భుజం ఆనించి, మడుగు దాకా నడిపించింది. మాస్టారు చాలాసేపు నీళ్ళు తాగారు. తల ఎత్తి, "తియ్యగా ఉన్నాయి. ఇవి ఎన్నాళ్ళకు ఎండుతాయమ్మా?" అని అడిగారు.

"ఎండవు మాస్టారూ" అంది మొగిలి.

ముసలాయన ఆ గొంతు గుర్తుపట్టారు. ఒక్క క్షణం ఆగారు. నెమరేస్తున్నారేమో.

"తోక చూశావా తల్లీ?"

"చూశాను మాస్టారూ" అంది మొగిలి. వెనక పిల్లలంతా గుండ్రంగా కూర్చున్నారు. ఖాళీ చోటు ఆయన కోసం అలాగే ఉంది.

నీతి: వేగం మంచిదే, కానీ ప్రశ్నను చివరిదాకా విన్నవారికే అది పనికొస్తుంది.