గోడకెక్కిన గొప్ప

ఇది అబద్ధమనేవాళ్లు ఇప్పుడే లేచి వెళ్లిపోవచ్చు, నేనేమీ అనుకోను. డప్పు పోలయ్య దరువేస్తే మూడు కొండల అవతల కుండలో పాలు తోడుకునేవి. అంతటి పోలయ్యను గండవరం రాజు పిలిపించాడు.

"ఒరే పోలా! మన బడులకు ఏటా లక్ష వరహాలు పోస్తున్నాం. పొరుగు రాజు ఇచ్చేది పాతికవేలే. ఊరూరా చాటు!"

పోలయ్యకు కడుపు మండింది. ఆ లక్షలో వాళ్ల ఊరి బడికి బంగారు కలశం వచ్చింది గానీ పంతులు రాలేదు. కూతురు రోజూ పలక పట్టుకుని వెళ్లి, ఖాళీ అరుగు చూసి తిరిగొస్తోంది.

"చాటుతాను మారాజా. కానీ పొరుగు రాజ్యంలో డప్పు కొట్టరు, గోడకు కాగితం అంటిస్తారు. మనమేం తక్కువ?"

రాజుకు రోషం పొడుచుకొచ్చింది. పోలయ్య వాళ్ల ఊళ్లోనే ఆ లక్ష సంగతి రాసిన ఏనుగంత కాగితం అంటింపజేసి, మెప్పు వినడానికి తానే పక్కన నిలబడ్డాడు.

ముందొచ్చిన ముసలమ్మ కాగితానికి పసుపు రాసి దండం పెట్టింది. తర్వాతివాడు కొత్త పన్నేమోనని ఎడ్లను తోలుకుని పరుగెత్తాడు. పొద్దువాలేసరికి సగం ఊరు అడవిలో ఉంది.

"ఏమిట్రా ఇది!"

"అక్కడ పాతికవేలూ పంతుళ్లకే పోతాయి మారాజా, అందరికీ చదవడం వచ్చు, అందుకే గోడ చాలు. ఇక్కడ లక్ష పోసినా నా డప్పు కావాలి."

రాజు సిగ్గుపడి, ఆపైన పకపకా నవ్వాడు. "అందరికీ చదువొస్తే నీ పని పోతుంది కదరా పిచ్చోడా!"

"పోనీండి మారాజా. నా పిల్ల చదువుకుంటుంది."

మర్నాడే కలశం దిగింది, పంతులు వచ్చాడు. ఇంకా అనుమానమా? ఆ కలశం దింపిన కంసాలిని అడగండి, పేరు వీరభద్రాచారి.