పిడి వదలని స్థపతి

ఒకప్పుడు ఒక రాజ్యంలో విరూపాక్షాచారి అనే ఆస్థాన స్థపతి ఊరి బావికి రాట్నం అమర్చాడు. పిడి తిప్పితే చాలు, నిండు బొక్కెన తేలిగ్గా పైకొచ్చేది. పిడి వదిలినా రాట్నం వెనక్కి తిరగకుండా పట్టి ఆపడానికి ఒక కొక్కెం కూడా పెట్టాడు. అందరికీ ఉచితమే. బాగాలేదని ఎవరైనా వస్తే మాత్రం, "ఊరికే ఇచ్చినదానికి వంకలా!" అని తరిమేసేవాడు.

సింగారమ్మ అనే కూలిమనిషి నేరుగా రాజు దగ్గరికే వెళ్లింది. "నిండు బొక్కెన సగం పైకొచ్చాక, చెమట తుడుచుకుందామని మా ఆడబిడ్డ పిడి వదిలింది ప్రభూ. రాట్నాన్ని ఆ కొక్కెం పట్టి ఆపాలి కదా, ఆపలేదు. పిడి గిర్రున వెనక్కి తిరిగి ఆమె చెయ్యి విరగ్గొట్టింది."

"అబద్ధం! ఈ మనిషిని ఇక బావి గట్టు తొక్కనివ్వకండి," అన్నాడు స్థపతి.

"అయితే మా ఆడబిడ్డ తోడినట్టే మీరూ ఒకసారి తోడండి బాబూ," అంది సింగారమ్మ.

రాజు సరేనన్నాడు. అందరూ బావి దగ్గరికి వెళ్లారు. స్థపతి ఠీవిగా పిడి తిప్పాడు. బొక్కెన సగానికొచ్చింది.

"ఇప్పుడు పిడి వదిలి చెమట తుడుచుకోండి. నాది అబద్ధమని తేలిపోతుంది," అంది సింగారమ్మ.

చెమట కళ్లలోకి కారుతున్నా స్థపతి చెయ్యి పిడిని వదల్లేదు. ఆయనకూ భయమేసిందని సింగారమ్మకు అర్థమైంది. నవ్వబోయిన జనాన్ని ఆమే కళ్లతో వారించింది.

స్థపతి బొక్కెనను మెల్లగా పైకి లాగి గట్టున పెట్టాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఏం జరిగిందో మొదటినుంచి మళ్లీ చెప్పమ్మా," అన్నాడు.