రెండు మాత్రల లోటు

తల్లి పోయిన నాటి నుంచి మంజీరపురం రాకుమారి నోరు విప్పలేదు. మూడేళ్ల ఆ పిల్లకు దాది చెంగమ్మ రోజూ ఒక చిన్న పద్యం పాడేది. వసారాలోంచి అది విన్న ఆస్థాన పండితుడు సోమయాజి రాజుగారికి ఫిర్యాదు చేశాడు.

"ఆఖరి పాదంలో రెండు మాత్రలు తక్కువ, ప్రభూ! ఛందస్సు రాని మనిషిని పాప దగ్గర ఉంచకండి."

రాజు పిలిపిస్తే చెంగమ్మ పిల్లను చంకనేసుకుని వచ్చింది. తనను పంపేస్తే ఈ పిల్ల ఎవరి మెడ పట్టుకుంటుందోనని ఆమె దిగులు.

"అయ్యగారూ, ఆ లోటెక్కడో మీరే చదివి చూపించండి" అంది.

సోమయాజి వేళ్లు మడుస్తూ చదివాడు.

"ఆకసాన చందమామ
పాలగిన్నె పట్టుకొచ్చి
వాకిలంత వెలుగు నింపె
చిట్టితల్లి, రావా?"

ఖాళీ తెలియాలని అక్కడ ఠక్కున ఆగాడు.

"ఊఁ" అంది చెంగమ్మ భుజం మీంచి ఒక చిన్న గొంతు.

రాజు సింహాసనం దిగి వచ్చేశాడు.

"పాప ఊఁ కొట్టడానికి చోటుంచాను, అయ్యగారూ. మొన్నటి నుంచి నా చెవిలో అంటోంది. ఇవాళ మీకూ చెప్పింది."

సోమయాజి మిగిలిన వేలు మెల్లగా మడిచాడు.

"ఊఁ... దీర్ఘం, గురువు... రెండు మాత్రలు" అన్నాడు. "సరిపోయిందమ్మా."