ఉయ్యాల తాడు

ఉషారాణికి కొద్దిరోజులుగా ఒకటే ఆలోచన. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి?

ఆమె పెట్టింది పెద్ద కంపెనీ ఏమీ కాదు. బాలింతలకి పథ్యం వండి ఇళ్లకి పంపే పని. భర్త పోయి, పిల్లలు ఎవరి దారిన వాళ్లు స్థిరపడ్డాక, ప్రొద్దుటూరులో ఒక వంటిల్లు అద్దెకి తీసుకుని మొదలుపెట్టింది. పేరు తల్లిపళ్లెం. వెల్లుల్లి కారం, సొంటి పొడి, వాము చారు, పాతబియ్యం అన్నం. ఈ రోజుల్లో అత్తలకి ఇవి చేసే ఓపిక లేదు. అమ్మల్లో కొందరికి చేయడమే రాదు. అందుకని గిరాకీ తొందరగానే వచ్చింది.

గిరాకీ వెంబడే గజిబిజి వచ్చింది. ఆర్డర్లు ఫోన్లో, సరుకుల లెక్క వంటింటి గోడమీద, ఎవరి క్యారియర్ ఎక్కడికి పోయిందో బండివాళ్ల నోట్లో. ఒకరోజు పచ్చి బాలింతకి పోవాల్సిన చారు మూడు నెలల తల్లికి పోయింది. అన్నిటినీ ఒకచోట ముడివేసే సాఫ్ట్‌వేర్ లేకపోతే ఇక లాభం లేదనుకుంది. చేతిలో ఉన్నదానికి ఒక్కటే వస్తుంది. తప్పు కొంటే మళ్లీ కొనే తాహతు లేదు.

వెతికి వెతికి చివరికి రెండు మిగిల్చింది. ధరలో పెద్ద తేడా లేదు. ఒకటి పని పనికీ ఆగి అడుగుతుంది. మనిషి చూసి నొక్కితేనే కదులుతుంది. రెండోది ఏమీ అడగదు. దాన్ని కొన్నాళ్లు ఉచితంగా వాడి చూడమన్నారు. వాడి చూసింది. తల మీదనుంచి మూట దించినట్టే ఉంది. రేపటితో గడువు అయిపోతుంది.

అయినా అవ్వని అడగకుండా ఆమె ఏ పనీ చేయదు.

అవ్వ పేరు ఖాసింబీ. ఊరి బయట గుట్టమీద దర్గా ఉంది. దాని పక్కన రాతిగదిలో ఉంటుంది. ఎన్నో ఏళ్లుగా ఆడవాళ్లకి గురువు. వచ్చినవాళ్లకి ఉపదేశాలు చెప్పదు, ఏదో ఒక పని చెబుతుంది. భర్త పోయిన ఏడాది ఉషారాణి ఏడుస్తూ వస్తే, చిలుముపట్టిన బిందె ఒకటి ముందు పెట్టి తోమమంది. అంతే. అప్పటినుంచి ప్రతి బేస్తవారం ఆమె గుట్ట ఎక్కుతూనే ఉంది.

ఆ బేస్తవారం ఎక్కేసరికి పొద్దు వాలుతోంది. గాలి లేదు. దర్గా మీద పచ్చజెండా కర్రకి అతుక్కుపోయి ఉంది. గది దగ్గరికి రాగానే లోపల ఉయ్యాల కొక్కెం చప్పుడు వినిపించింది. కిర్రు. కిర్రు. ఎవరో బిడ్డని తెచ్చినట్టున్నారనుకుంది. నిద్ర చెడగొట్టకూడదని చెప్పులు మెల్లగా విడిచి లోపలికి తొంగి చూసింది.

దూలానికి చీర ఉయ్యాల కట్టి ఉంది. తాడు అవ్వ చేతిలో ఉంది. ఊగినప్పుడల్లా చీర మడత విచ్చుకుంటోంది. లోపల ఏమీ లేదు.

ఉషారాణి గడపలోనే ఆగిపోయింది. ఖాళీ ఉయ్యాల ఊపకూడదు. ఊహ తెలిసినప్పటినుంచి విన్న మాట. చిన్నప్పుడు ఆటకి ఊపితే వీపు మీద దెబ్బ పడేది. అవ్వకి తెలియనిదా?

గోడవారన ఒక అమ్మాయి పడుకుని ఉంది. తలకి గుడ్డ, చెవుల్లో దూది. బాలింతలాగే ఉంది. పక్కలో బిడ్డ లేదు. కళ్లు తెరుచుకునే ఉన్నాయి. ఉయ్యాల ఎటు పోతే చూపు అటు పోతోంది.

"రా మే, కూచో," అంది అవ్వ తాడు ఆపకుండా.

"ఎవరవ్వా ఆ పిల్ల?"

"ముందు నీ మాట చెప్పు. ఏందో అడగల్లని వచ్చినావు గదా."

ఉషారాణి గొంతు తగ్గించి రెండు సాఫ్ట్‌వేర్ల సంగతి మొదలుపెట్టింది. చెప్పేకొద్దీ భయం తగ్గింది. గొంతులో ఉత్సాహం వచ్చింది.

"రెండోదానికి కాన్పు తేదీ ఒక్కటి ఎక్కిస్తే చాలవ్వా. పురిటి స్నానం ఎప్పుడో, ఉయ్యాల ఎప్పుడో, కారం ఎప్పుడు తగ్గించాలో, అన్నీ అదే చూసుకుంటుంది. వంటవాళ్లకి అదే చెబుతుంది. సరుకు అదే తెప్పిస్తుంది. తల్లికి వారం వారం మంచిమాట కూడా అదే పంపుతుంది. వాళ్లేమన్నా రాస్తే జవాబు కూడా అదే ఇస్తుంది."

"మర్చిపోదా?"

"మర్చిపోదు."

"నీకంటే నయమే."

"నాకంటే నయమే. మా ఆయన పుట్టినరోజు ఒక్క ఏడాదన్నా గుర్తుపెట్టుకున్నానా?"

"అయితే ఎవురూ ఎవుర్నీ అడిగే పనే లేదు."

"లేదు. అదే దాని గొప్ప."

"ఇంకొకటేందో ఉందంటివే."

"అది నస అవ్వా. కొత్త కోడలి మాదిరి. అత్తా, చారులో ఉప్పెయ్యనా? అత్తా, పొయ్యి ఆపనా? ఈ మెసేజ్ పంపమంటారా, ఈ క్యారియర్ కట్టమంటారా అని పొద్దస్తమానం అడగడమే."

అవ్వ పళ్లులేని నోటితో నవ్వింది. ఉయ్యాల ఊగుతూనే ఉంది.

గోడవారన ఫోన్ టింగుమంది. ఆ అమ్మాయి తలగడ కింద చెయ్యి పెట్టి తీసుకుంది.

"చదువు మే హరితా," అంది అవ్వ. "ఈ పొద్దు ఏం రాసినారు?"

హరిత బడిలో పాఠం అప్పజెప్పినట్టు చదివింది. "తల్లిపళ్లెం నుంచి నమస్కారం. మీ పాప ఇప్పుడు మిమ్మల్ని చూసి నవ్వుతుంది. మీరు కూడా నవ్వి చూడండి."

ఆ మాటలు ఉషారాణివే. ఒక మధ్యాహ్నం వంటింటి గడపలో కూర్చుని, తన పెద్దకూతురు పసితనం తలుచుకుంటూ వారానికొకటి చొప్పున రాసి ఎక్కించింది. రాస్తుంటే కళ్లు చెమర్చాయి కూడా.

ఆమె హరిత వైపు చూసింది. ఉయ్యాల వైపు చూసింది.

"బిడ్డ..." అంది.

"పురిటి స్నానం గూడా కాకముందే పాయె," అంది అవ్వ. "ఇంటోళ్లు గుడ్డలన్నీ తీసేసినారు. ఉయ్యాల దించేసినారు. ఫోను సంగతి ఎవురికీ తట్టలా. ఇంట్లో కంటిమీద కునుకు లేదని వాళ్లమ్మ దినామూ ఈడికి తెచ్చి పండబెడతాంది."

"మా బండివాళ్లు ఒక్క మాటైనా..."

"వాళ్లకేం తెలుస్తాది? పురిటిల్లని క్యారియర్ గడపలో పెట్టి పోతారు."

నిజమే. మైల ఉంటుంది, లోపలికి పోకండి అని చెప్పింది తనే.

"నాకన్నా ఒక మాట చెప్పి ఉంటే," అంది ఉషారాణి.

హరిత లేవకుండానే ఫోన్ ఆమె వైపు తిప్పింది. అందులో ఉంది. 'పాప లేదక్కా.' దాని కిందనే జవాబు ఉంది. 'చాలా సంతోషం. మీ బుజ్జాయికి మా ముద్దులు.'



"మొదట్లో భయమేసింది," అంది హరిత. గొంతు మామూలుగా ఉంది. ఉషారాణికి అదే భయంగా ఉంది. "ఇప్పుడు లేదులే అక్కా. పోయినవారం నా గొంతు గుర్తుపట్టింది. ఈ వారం నవ్వుతాంది. నా కాడ లేకుంటే ఏం? ఆడ పెరుగుతాంది గదా."

ఉషారాణి తన ఫోన్ తీసింది. హరిత పేరు వెతికి పట్టుకుంది. కాన్పు తేదీ తుడిచేసింది. రాబోయే వారాల మెసేజీలన్నీ ఒక్కసారి మాయమయ్యాయి. వాటితోబాటే రేపటి క్యారియర్ మాయమైంది. వంటవాళ్ల జాబితాలో హరిత పేరే లేదు.

"ఆగిపోయిందవ్వా. అన్నీ ఆగిపోయాయి."

"అన్నం గూడానా?"

"అన్నీ ఒకదానికొకటి ముడి."

"బిడ్డ పోయినా బాలింత బాలింతే గదా మే. నీ కారంతో రొండు ముద్దలు తింటాంది. ఇంకేం ముట్టదు. అదీ మానిపిస్తావా?"

ఉషారాణి తుడిచిన తేదీని గబగబా మళ్లీ ఎక్కించింది. క్యారియర్ తిరిగొచ్చింది. వంటవాళ్ల దగ్గర పేరు తిరిగొచ్చింది.

గోడవారన ఫోన్ టింగుమంది.

హరిత చూసుకుంది. ఈసారి ఎవరూ చదవమనలేదు. తనంతట తనే చదివింది. "తల్లిపళ్లెం కుటుంబంలోకి స్వాగతం. మీ ఇంట పండంటి బిడ్డ పుట్టినందుకు శుభాకాంక్షలు."

తల ఎత్తింది. ముఖంలో చిన్న నవ్వు.

"మళ్లీ పుట్టింది," అంది.

ఉషారాణి చేతిలోంచి ఫోన్ ఒళ్లోకి జారింది.

అవ్వ ఉయ్యాల తాడు ఆమె ముందుకి చాపింది. "పట్టు."

"అవ్వా, ఖాళీ ఉయ్యాల..."

"పట్టు మే."

పట్టుకుంది. తాడు బరువుగా ఉంది. లోపల బిడ్డ ఉంటే ఎంత బరువుంటుందో అంత. ఇద్దరిని ఊపి పెంచిన చెయ్యి, పొరబడే చెయ్యి కాదు. విదిలించుకుని పారిపోదామనిపించింది.

"ఉయ్యాల్ని చూడొద్దు," అంది అవ్వ. "ఆ పిల్ల మొగం చూస్తా ఊపు."

ఉషారాణి చూపు తిప్పుకుంది. హరిత ముఖం. పెదవులు పొడిబారి ఉన్నాయి. కొక్కెం కిర్రుమన్నప్పుడల్లా గొంతు దగ్గర నరం కదులుతోంది. రవికె ముందు తడిసిన మరక ఉంది. పాలు. ఇంతసేపూ అది తన కంటపడలేదు.

"దినామూ ఉయ్యాల రవ్వంత ముందుగా ఆపుతాండా," అంది అవ్వ తనలో తను అనుకుంటున్నట్టు. "మొదుటి దినం ఆపితే కేక పెట్టింది. మళ్లా ఊపితి. నిన్న ఆపితే నా పక్క చూసింది. అంతే."

ఉషారాణి కాస్త నిదానించింది. హరిత కనుబొమలు ముడిపడ్డాయి. మళ్లీ ఊపింది. ముడి విడింది. కొంచెంసేపు పోనిచ్చి మళ్లీ నిదానించింది. ఈసారి కనుబొమలు కదలలేదు. ఊపిరి ఒకటి పొడుగ్గా వచ్చింది.

ఒళ్లో ఫోన్ వెలిగింది. గడువు అయిపోతోందని, ఇప్పుడే కొనమని. ఆమె కళ్లు అటు పోలేదు.

కిర్రు. చాలాసేపటికి ఇంకో కిర్రు. తర్వాత లేదు.

ఉయ్యాల ఆగింది. హరిత దాన్ని చూసింది. కేక పెట్టలేదు. చీర మడత మెల్లగా మూసుకుంటుంటే చూస్తూ ఉండిపోయింది. కంటి కొసనుంచి ఒక చుక్క జారి చెవిలోని దూదిలో ఇంకిపోయింది.

చేతిలో తాడు తేలికైపోయింది. అది ఎప్పుడయిందో ఉషారాణికి తెలియలేదు.

"హరితా," అంది. "రేపు కారం నేనే తెస్తా. లోపలికొచ్చి పెడతా."

హరిత తల ఊపింది.

"ఆ మెసేజీలు... ఆపమంటావామ్మా?"

అవ్వ లేచి సాంబ్రాణి వేసింది. పొగ దూలందాకా పోయి పరుచుకుంది. చాలాసేపటికి హరిత గోడవైపు తిరిగింది. ఫోన్ తలగడ కింద పెట్టలేదు. పక్కన నేలమీద పెట్టింది.

"రేపు అడుగక్కా," అంది.

"అడుగుతా."

అవ్వ ఉయ్యాల తాడు చుట్టి చీరలోకి దోపింది. మోకాళ్లమీద చేతులు ఆనించి నిలబడి, ఉషారాణి వైపు చూసింది.

"ఆ నస కోడల్నే తెచ్చుకో మే," అంది.