శెట్టిగారి తాళం పెట్టె

వెనకటికి ఓ రాజుగారి కచేరీకి తవిటయ్య అని ఒక కావలివాడు ఉండేవాడు లెండి. అతని అరెకరం పట్టాతో సహా ఊరందరి పట్టాలూ ఆ కచేరీలోనే ఉండేవి. ఆ తాటాకు పట్టాలకు చెదలు పడుతున్నాయని దివానుగారు బెంగపడుతుంటే, పానకాలశెట్టి చెద పట్టని ఓ పెద్ద పెట్టె మోయించుకొచ్చాడు.

“ఇది అమ్మను బాబూ, నెలనెలా అద్దె! లోపల పట్టాలు ఎవరైనా పెట్టుకోవచ్చు. తీయాలంటే తాళంచెవి నా దగ్గరే. అద్దె ఆగిందా, పెట్టె తెరవను.”

“మన వడ్రంగి ఒకేసారి సొమ్ము తీసుకుని ఇలాంటి పెట్టే చేసిస్తానన్నాడండి,” అన్నాడు తవిటయ్య.

“గుమ్మం కాసేవాడివి, నీకెందుకోయ్!” అని కసిరాడు శెట్టి. దివానుగారు సరేననేలాగే ఉన్నారు. తన పట్టా కాస్తా శెట్టి గుప్పిట్లోకి పోతుందని తవిటయ్యకు అర్థమైపోయింది.

శెట్టి పెట్టె సర్దడానికి పట్టాల గదిలోకి వెళ్ళాడో లేదో, తవిటయ్య బయట గొళ్ళెం పెట్టేశాడు.

“ఒరేయ్, తలుపు తియ్యరా!”

“లోపలికెళ్ళడం ఊరికేనండి శెట్టిగారూ. బయటికి రావాలంటే మాత్రం నెలనెలా నాకు అద్దె కట్టాలి.”

“బతికినన్నాళ్ళూ నీకు కడుతూ కూర్చోనా? ఒకేసారి ఎంతో చెప్పి చావు, పారేసి పోతా!”

అరుగు మీద దివానుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. “తలుపు తియ్యి తవిటయ్యా. అలాగే ఆ వడ్రంగిని పిలుచుకురా. శెట్టిగారికి నచ్చిన బేరమే మనకూనూ!”